పనికొచ్చే వెబ్‌సైట్లను, యాప్‌లను వెతికి పట్టుకోవడం ఎలా?

పోటీ పరీక్షకు దరఖాస్తు చేసే విద్యార్థి తన ఫొటోను 50 కేబీ లోపుకు కుదించడానికి, సంతకాన్ని విడిగా కత్తిరించుకోవడానికి గుంటూరు బ్రాడీపేటలో నెట్ సెంటరు ముందు నిలబడడం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పనిని చేతిలోని ఫోనులోనే, పైసా ఖర్చు లేకుండా, ఫొటోను బయటి కంప్యూటరుకు పంపకుండా క్షణాల్లో ముగించే సైట్లు ఏళ్లుగా ఉన్నాయి. అవి ఉన్నాయని ఆ విద్యార్థికి చెప్పినవారు లేరు, తనంతట తాను ఎలా కనిపెట్టాలో నేర్పినవారూ లేరు. ఈ రెండో లోటును తీర్చడానికే ఈ మార్గదర్శి.

సైట్ల పేర్లు వరుసగా ఇచ్చుకుంటూ పోతే ఆ జాబితా త్వరలోనే పాతబడుతుంది. అందుకని ఇక్కడ వెతికే పద్ధతిని వివరించి, ఒక్కో మెట్టు దగ్గర ఉదాహరణకు సరిపడినన్ని పేర్లు మాత్రమే చెబుతున్నాను. ఈ పద్ధతికంతటికీ ఆధారం ఒక్కటే: ఒక మంచి సైటును తయారుచేసినవారికి, దాన్ని శ్రద్ధగా వాడేవారికి, అలాంటివే మరికొన్ని తెలిసి ఉంటాయి. కాబట్టి మొదటిది దొరకడం సగం పనే, దాని చుట్టుపక్కల ఏమున్నదో చూడడం మిగతా సగం. విజయవాడ లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల దుకాణాలకు వెళ్లే అలవాటున్నవారికి ఇది అనుభవమే. వెతుక్కుంటూ వెళ్లిన పుస్తకం పక్కన పెట్టి ఉన్న పుస్తకమే చాలాసార్లు చేతిలోకి వస్తుంది.

మొదటి మెట్టు: కావలసిన పనిని ఒక వాక్యంగా రాసుకోవడం

"మంచి యాప్ ఏదైనా ఉందా" అనే ప్రశ్నకు ప్రకటనలు తప్ప వేరే జవాబు రాదు. వెతకడానికి ముందు చేయవలసిన పనిని, చేతిలో ఉన్న వస్తువును, చివరికి రావలసిన ఫలితాన్ని, ఒప్పుకోలేని షరతులను కలిపి ఒక వాక్యంగా రాసుకోవాలి. "ఫోనులో తీసిన 3 ఎంబీ ఫొటో నా దగ్గర ఉంది, అది 50 కేబీ లోపు జేపీజీ కావాలి, లాగిన్ అడగకూడదు, ఫొటో బయటకు వెళ్లకూడదు" అన్న వాక్యంలో వెతకవలసిన మాటలన్నీ ఇమిడి ఉన్నాయి. ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం నడిపే వ్యక్తి "సరుకు నిల్వ లెక్క ఫోనులో రాసుకోవాలి, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలి, నెలాఖరున ఎక్సెల్ ఫైలుగా తీసుకోగలగాలి" అని రాసుకుంటే, పది రకాల వ్యాపార యాప్‌లలో ఎనిమిదింటిని తెరవకుండానే పక్కన పెట్టవచ్చు.

షరతులను ముందే రాసుకోవడం వల్ల మరో మేలు ఉంది. ఆకర్షణీయంగా కనిపించిన యాప్‌ను చూడగానే మన షరతులను మనమే సడలించుకుంటాం. కాగితం మీద ఉన్న వాక్యం ఆ సడలింపును అడ్డుకుంటుంది.

రెండో మెట్టు: సెర్చ్ ఇంజన్‌ను సరిగా అడగడం

గూగుల్‌లో ఎక్కువమంది రెండు మూడు మాటలు రాసి, పైన వచ్చిన మొదటి లింకును నొక్కుతారు. ఆ మొదటి స్థానం చాలాసార్లు డబ్బిచ్చి కొనుక్కున్నదే అయి ఉంటుంది, దాని మీద స్పాన్సర్డ్ అనే చిన్న మాట కనిపిస్తుంది. ఆ లింకులను దాటుకుని కిందికి రావడం మొదటి క్రమశిక్షణ. సమాధానాల పెట్టెలు, వీడియోలు, బొమ్మలు అన్నీ తీసేసి మామూలు లింకులను మాత్రమే చూపించే వెబ్ అనే విభాగాన్ని గూగుల్ 2024 మే నెలలో చేర్చింది. కొత్త సైట్లను కనిపెట్టాలనుకున్నప్పుడు నేరుగా ఆ విభాగానికి వెళ్లడం మంచిది.

తర్వాత నేర్చుకోవలసినవి నాలుగు చిన్న గుర్తులు. ఒక పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే సరిగ్గా అదే వరుసలో ఆ మాటలున్న పేజీలకు ప్రాధాన్యం వస్తుంది. వద్దనుకున్న మాటకు ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న పేజీలు తొలగిపోతాయి. ఇంగ్లీషు అక్షరాలలో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, వెంటనే ఒక డొమైన్ పేరు, అంటే సైటు చిరునామాలోని అసలు పేరు రాస్తే ఆ డొమైన్‌లోని పేజీలే వస్తాయి. అదే తీరున ఫైల్‌టైప్ అని రాసి, కోలన్ తర్వాత పీడీఎఫ్ అని రాస్తే పీడీఎఫ్ పత్రాలు మాత్రమే వస్తాయి. వీటిలో చివరి రెండింటినీ కలిపి వాడడంలోనే అసలు బలం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ డొమైన్‌కు వెతుకులాటను పరిమితం చేసి, పీడీఎఫ్ మాత్రమే కావాలని అడిగితే, శాఖల హోం పేజీలలో ఎక్కడా కనిపించని మార్గదర్శకాలు, దరఖాస్తు నమూనాలు, పాత ఉత్తర్వులు బయటపడతాయి.

భాష విషయంలో కొంత ఓపిక కావాలి. ఒకే ప్రశ్నను తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో రాసి మరోసారి అడగాలి, ఎందుకంటే మూడింటికీ మూడు రకాల పేజీలు వస్తాయి. గుంటూరు మిర్చి యార్డు ధరల కోసం తెలుగులో వెతికితే వార్తలు, వీడియోలు ఎక్కువగా వస్తాయి. కేంద్ర ప్రభుత్వం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో అదే సరుకు డ్రై చిల్లీస్ పేరుతో ఉంటుంది, అక్కడ రాష్ట్రాన్ని, మార్కెట్టును, తేదీని ఎంచుకుంటే కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ లావాదేవీలు జరిగిన మోడల్ ధర కూడా కనిపిస్తుంది. వీడియోలో ఎవరో చెప్పే గరిష్ఠ ధర కంటే ఈ మోడల్ ధరే రైతుకు నిజంగా అక్కరకు వస్తుంది. అధికారిక సైటు తన సరుకును ఏ పేరుతో పిలుస్తుందో ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాతి వెతుకులాట అంతా తేలికవుతుంది.

ఒకే సెర్చ్ ఇంజన్‌కు కట్టుబడి ఉండడం కూడా మంచిది కాదు. 2008లో మొదలైన డక్‌డక్‌గో, మైక్రోసాఫ్ట్ వారి బింగ్ అదే ప్రశ్నకు వేరే వరుసలో సైట్లను చూపిస్తాయి. గూగుల్ రెండో పేజీలో దాగినది వీటిలో మొదటి పేజీకి రావచ్చు.

మూడో మెట్టు: మనుషులు కూర్చిన జాబితాల దగ్గరికి వెళ్లడం

వెబ్ తొలి రోజుల్లో సైట్లను కనిపెట్టే పని మనుషులదే. యాహూ 1994లో ఇద్దరు విద్యార్థులు తమకు నచ్చిన సైట్లను విషయాల వారీగా పేర్చుకున్న పట్టికగానే మొదలైంది. 1998లో వచ్చిన డీమోజ్ అనే డైరెక్టరీని స్వచ్ఛంద సంపాదకులు నిర్వహించారు. యాహూ డైరెక్టరీ 2014 చివర్లో, డీమోజ్ 2017లో మూతపడ్డాయి. మీట నొక్కినప్పుడల్లా కొత్త సైటును తెరిచి చూపిన స్టంబుల్‌అపాన్ 2018 జూన్‌లో ఆగిపోయింది. ఇవి పోయిన తర్వాత కనిపెట్టే పనంతా సెర్చ్ ఇంజన్లకు, సోషల్ మీడియాకు వదిలేశాం. దాని నష్టం ఏమిటంటే, ప్రచారానికి ఖర్చు పెట్టగలిగిన సైట్లు ముందుకు వచ్చి, ఒక అధ్యాపకుడో ప్రోగ్రామరో తీరిక సమయంలో నిజాయితీగా తయారుచేసినవి వెనక్కి పోయాయి.

అయినా ఆ సంప్రదాయం వేరే రూపాల్లో బతికే ఉంది. తెలిసిన ఒక సాఫ్ట్‌వేర్‌కు ప్రత్యామ్నాయం కావాలంటే 2009 నుంచి నడుస్తున్న ఆల్టర్నేటివ్‌టు అనే సైటుకు వెళ్లాలి. అక్కడ ఫొటోషాప్ అని వెతికి, ఉచితం, బ్రౌజర్‌లో పనిచేసేది అనే షరతులు పెడితే ఫొటోపియా వంటివి దొరుకుతాయి. ఫొటోషాప్ ఫైళ్లను సైతం తెరవగల ఫొటోపియా పూర్తిగా బ్రౌజర్‌లోనే నడుస్తుంది కనుక పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే చిన్న దుకాణాలవారికి, ఇప్పుడిప్పుడే ఆ పని నేర్చుకునేవారికి ఇది పెద్ద సాయం.

కొత్తగా విడుదలయ్యేవాటిని చూడడానికి 2013లో మొదలైన ప్రొడక్ట్ హంట్, 2007 నుంచి నడుస్తున్న హ్యాకర్ న్యూస్ ఉపయోగపడతాయి. నా ఉద్దేశంలో రెండోదానికే విలువ ఎక్కువ. అందులో షో అనే విభాగంలో తయారుచేసినవారే తమ పనిని చూపిస్తారు, కింద నిపుణులు దాని లోపాలను మొహమాటం లేకుండా రాస్తారు, పైగా "ఇలాంటిదే ఫలానాది ఇంతకంటే బాగుంది" అనే మాట ఆ వ్యాఖ్యల్లో తరచు కనిపిస్తుంది. ఆ ఫలానాది రాసిపెట్టుకోవాలి. ప్రోగ్రామర్లు తమ పనిని పంచుకునే గిట్‌హబ్‌ సైటులో ఆసమ్ (awesome) అనే మాటతో మొదలయ్యే జాబితాలు వందల సంఖ్యలో ఉన్నాయి. గణితం నుంచి పటాల తయారీ వరకు ఒక్కో విషయానికి ఒక్కో జాబితాను దాని మీద ఆసక్తి ఉన్నవారు కూర్చారు. విషయం పేరుకు ముందు ఆ మాటను, గిట్‌హబ్ అనే మాటను చేర్చి వెతికితే అవి బయటపడతాయి.

చాలామంది పట్టించుకోని మరో నిధి వికీపీడియా వ్యాసాల అడుగుభాగం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనైనా, ఇంగ్లీషు వికీపీడియాలోనైనా, వ్యాసం చివర మూలాలు, బయటి లింకులు ఉంటాయి. అమరావతి స్తూపం గురించిన వ్యాసం చదివి ఊరుకోకుండా దాని మూలాలలోని లింకులను తెరుచుకుంటూ వెళ్తే, ఆ శిల్పాలు భద్రంగా ఉన్న మ్యూజియంల ఆన్‌లైన్ సేకరణల దగ్గరికి చేరతాం. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం తన దగ్గరున్న అమరావతి శిల్పాల ఛాయాచిత్రాలను, వివరాలను తన సైటులో అందరికీ తెరిచి ఉంచింది. గుంటూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఊరి చరిత్రలో ఎంత భాగం ఎక్కడెక్కడ ఉన్నదో ఇలా ఇంట్లో కూర్చుని చూడగలగడం మామూలు విషయం కాదు.

నాలుగో మెట్టు: ఆసక్తి కోసం వెతకడం

అవసరం కోసం వెతికేటప్పుడు ప్రశ్న ముందే తెలుసు, ఆసక్తి కోసం వెతికేటప్పుడు తెలియదు. అందువల్ల ఇక్కడ సాధనాలు మారతాయి. వైబీ, మార్జినాలియా అనే రెండు చిన్న సెర్చ్ ఇంజన్లు వ్యాపార సైట్లను పక్కనపెట్టి, వ్యక్తులు రాసుకున్న సాదా పేజీలను వెతుకుతాయి. గడియారాలు, పాత రేడియోలు, తాళాలు, చీమలు వంటి మాటను ఇంగ్లీషులో ఇచ్చి చూస్తే, ఆ ఒక్క విషయం మీద ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చినవారి పేజీలు ఎదురవుతాయి. భూగోళాన్ని తిప్పుతూ ఏ ఊరి రేడియో అయినా వినిపించే రేడియో గార్డెన్, గాలివానల కదలికను రంగుల పటంగా చూపే విండీ కూడా ఇలా సంచారంలో తగిలేవే.

విండీ కృష్ణా తీరం వారికి ఆసక్తితో ఆగే విషయం కాదు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలు నీట మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, వాట్సాప్‌లో తిరిగిన పుకార్ల వల్ల అసలు భయానికి మరో భయం తోడైంది. అలాంటి సమయానికి వాతావరణ శాఖ వారి మౌసమ్ సైటు, నదుల నీటిమట్టాలను చూపే కేంద్ర జల సంఘం వరద సూచనల సైటు, పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ముందుగానే ఫోనులో ఉండాలి. వాన మొదలయ్యాక వెతకడం మొదలుపెడితే సరైనది దొరికే తీరిక ఉండదు. విండీ వంటివి అంతర్జాతీయ నమూనాల అంచనాలను చూపిస్తాయి. మన ప్రాంతానికి అధికారిక హెచ్చరిక మాత్రం వాతావరణ శాఖదే.

తెలుగు చదువరులకు వేరే ప్రపంచమే ఉంది. ఆంధ్రభారతి సైటులో ఒక మాటను ఇస్తే అనేక తెలుగు నిఘంటువుల అర్థాలు ఒకే చోట కనిపిస్తాయి, అందులో 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువు కూడా ఉంది. 1998 నుంచి ఈమాట పత్రిక పాత సంచికలతో సహా ఉచితంగా చదువుకోవడానికి దొరుకుతోంది. వికీసోర్స్‌లో కాపీహక్కులు ముగిసిన పుస్తకాలు టైపు చేసిన పాఠంగా ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టు కింద స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు అసంఖ్యాకంగా ఉన్నాయి. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు ఎక్కించినవి కావడం వల్ల మొదటి ప్రయత్నంలో దొరకకపోవడం సహజం. "చరిత్రము" అనే మాటను చివరి మువర్ణకం ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి, చకారానికి ఒకసారి రెండక్షరాలు వాడి మరోసారి ఒకే అక్షరం వాడి, రచయిత ఇంటిపేరుతో ఒకసారి వెతకాలి. ఒక పుస్తకం దొరికిన తర్వాత ఆ పేజీలో కనిపించే సేకరణ పేరును, ఎక్కించినవారి ఖాతాను నొక్కితే అదే అలమరలోని తక్కిన పుస్తకాలన్నీ వరుసగా వస్తాయి.

ఇంట్లో బడిపిల్లలు ఉంటే రెండు సైట్లను ప్రత్యేకంగా చెప్పాలి. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్‌లో భౌతిక, రసాయన శాస్త్రాల ప్రయోగాలను తెర మీదే చేసి చూడవచ్చు, వాటిలో కొన్ని తెలుగులోకి కూడా వచ్చాయి. గణిత సమీకరణాలను గీతలుగా చూపించే డెస్మోస్ ఇంటర్ విద్యార్థికి ట్యూషన్‌కు మించిన స్పష్టతను ఇవ్వగలదు.

ఐదో మెట్టు: ప్రభుత్వ సేవల అసలు చిరునామాను గుర్తించడం

భూమి రికార్డులకు మీభూమి, రిజిస్ట్రేషన్ వివరాలకు ఐజీఆర్ఎస్, పత్రాలకు డిజిలాకర్, రైళ్ల రాకపోకలకు రైల్వేవారి ఎన్‌టీఈఎస్, ఇవన్నీ మనం తరచు వాడేవే. ఇక్కడ కనిపెట్టడం కష్టం కాదు, నకిలీని దాటుకోవడమే కష్టం. తిరుమల గదుల పేరుతో నడిచే నకిలీ సైట్ల గురించి దేవస్థానం పదేపదే హెచ్చరిస్తూనే ఉంది.

నకిలీని పట్టుకోవడానికి చిరునామాను చదవడం నేర్చుకోవాలి. మొదట్లో ఉండే రెండు ఏటవాలు గీతల (//) తర్వాత చిరునామా మొదలై, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర డొమైన్ ముగుస్తుంది. ఆ గీత నుంచి వెనక్కి, అంటే కుడి నుంచి ఎడమకు చదవాలి. చివర గవ్ డాట్ ఇన్ లేదా ఎన్ఐసీ డాట్ ఇన్ ఉంటే అది ప్రభుత్వానిది, ఎందుకంటే ఆ డొమైన్లను ప్రైవేటు వ్యక్తులకు ఇవ్వరు. ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అనే మాటలు చిరునామా మొదట్లో ఉండి, చివర డాట్ కామ్ ఉంటే అది మోసం చేయడానికి కట్టిన పేరు. చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తును చూసి నమ్మేవారు చాలామంది ఉన్నారు. ఆ గుర్తు మన ఫోనుకు, ఆ సైటుకు మధ్య సమాచారం గోప్యంగా ప్రయాణిస్తుందని మాత్రమే చెబుతుంది, అవతలివారు నిజాయితీపరులని చెప్పదు. ఈ అపోహ వల్లనే క్రోమ్ 2023లో తాళం గుర్తును తీసేసింది.

ఆరో మెట్టు: నమ్మే ముందు పరీక్షించడం

ఈ మెట్టును తొందరలో దాటేయకూడదు. దొరికిన ప్రతి సైటుకూ అన్ని పరీక్షలూ అక్కరలేదు, చదువుకోవడానికి వెళ్లిన సైటుకు అసలే అక్కరలేదు. మన ఫైలునో, ఫోను నంబరునో, డబ్బునో అడిగిన క్షణం నుంచి పరీక్ష మొదలుకావాలి.

ఫైలును అడిగే సైటుకు సులభమైన పరీక్ష ఒకటుంది. పేజీ పూర్తిగా తెరుచుకున్నాక మొబైల్ డేటాను, వైఫైని ఆపేసి, అప్పుడు ఫైలును ఎంచుకుని పని చేయించి చూడాలి. పని పూర్తయితే ఆ సైటు మన ఫోనులోనే పనిచేస్తోందని అర్థం. గూగుల్ ఇంజనీర్లు 2018లో విడుదల చేసిన స్క్వూష్ ఇలాగే పనిచేస్తుంది, మొదట చెప్పిన విద్యార్థి ఫొటోకు సరిపోయేది అదే. పని ఆగిపోతే ఫైలు వారి కంప్యూటరుకు వెళ్తోందని తెలుసుకోవాలి. కరపత్రం పీడీఎఫ్‌ను అలా పంపినా నష్టం లేదు కానీ, ఆధార్ కార్డును, బ్యాంకు స్టేట్‌మెంటును, పొలం దస్తావేజును అలాంటి సైటులో పెట్టకూడదు.

ఎవరిదో తెలియని సైటు అయితే దాని డొమైన్ ఎప్పుడు నమోదైందో, డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ (ICANN) వారి లుకప్ పేజీలో చూడవచ్చు. పదేళ్ల నమ్మకం అని చెప్పుకునే సంస్థ డొమైన్ వయసు మూడు వారాలే అయితే ఇంకేమీ చూడనక్కరలేదు. అనుమానాస్పదమైన లింకును నొక్కకుండా కాపీ చేసి వైరస్‌టోటల్‌లో అతికిస్తే అనేక భద్రతా సంస్థల అభిప్రాయం ఒకే పేజీలో వస్తుంది. అవన్నీ బాగుందని చెప్పినా కొత్తగా పుట్టిన మోసం ఇంకా వారి దృష్టికి రాలేదేమో అన్న జాగ్రత్త ఉండాలి.

యాప్‌ల విషయంలో మరింత గట్టిగా ఉండాలి. రవాణా శాఖ చలానా అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లిపత్రిక అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలును, ఎవరు పంపినా తెరవకూడదు. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినా సరే, వారి ఫోను అప్పటికే మోసగాళ్ల చేతికి చిక్కి ఉండవచ్చు. ప్లే స్టోర్‌లో దొరికిన యాప్ అయినా డేటా సేఫ్టీ అనే భాగాన్ని చదివి, అది అడిగే అనుమతులకు, చేసే పనికి పొంతన ఉందో లేదో చూడాలి. టార్చిలైటు యాప్‌కు కాంటాక్టులతో పని లేదు. ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి, ఈ రెండూ పొందిన యాప్ మన ఓటీపీలను చూడగలదు, మన బదులు తెర మీద మీటలు నొక్కగలదు. స్పష్టమైన కారణం కనిపించకపోతే ఈ రెండింటినీ ఏ యాప్‌కూ ఇవ్వకూడదు.

సమీక్షలను చదివేటప్పుడు ఐదు నక్షత్రాలవి వదిలేసి రెండు, మూడు నక్షత్రాలవి చదవాలి. యాప్‌ను నిజంగా వాడి, ఎక్కడ ఇబ్బందో చెప్పినవారు ఎక్కువగా అక్కడే ఉంటారు. అప్పు ఇస్తామనే యాప్ ఎదురైతే సమీక్షలు సరిపోవు. రిజర్వు బ్యాంకు 2025లో తన సైటులో డిజిటల్ రుణ యాప్‌ల జాబితాను అందుబాటులోకి తెచ్చింది, దానిలో పేరు లేని యాప్ జోలికి పోకూడదు. ఇలాంటి యాప్‌ల వేధింపులకు మన జిల్లాల్లో ప్రాణాలు పోయాయి కనుక ఈ మాటను గట్టిగా చెబుతున్నాను.

ఉచిత ట్రయల్ అంటూ యూపీఐ ఆటోపే అనుమతి అడిగే సైట్లు కూడా ఉన్నాయి. రద్దు చేసుకోవడం కావాలని కష్టం చేసే ఇలాంటి ఎత్తులను కేంద్ర ప్రభుత్వం 2023లో డార్క్ పాటర్న్‌ల మార్గదర్శకాలలో నిషేధించింది. అయినా మన జాగ్రత్తగా యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగాన్ని నెలకోసారి తెరిచి, అక్కరలేనివి అక్కడి నుంచే రద్దు చేసుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, గంటలు గడవనీయకుండా, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. త్వరగా చెబితేనే ఆ సొమ్మును దారిలో నిలిపివేసే అవకాశం ఉంటుంది.

ఏడో మెట్టు: యాప్ కావాలా, సైటు చాలా అని తేల్చుకోవడం

చాలా పనులకు యాప్ అక్కరలేదు. బ్రౌజర్ మెనూలోని యాడ్ టు హోం స్క్రీన్‌ను ఎంచుకుంటే సైటు కూడా తెర మీద బొమ్మగా కూర్చుంటుంది, ఫోనులో చోటు తినదు, కాంటాక్టులు అడగదు. నెట్ లేకుండా పనిచేయవలసి వచ్చినప్పుడు, ఫోనులోని ప్రత్యేక సదుపాయాలు అవసరమైనప్పుడు యాప్ తప్పదు. సెల్ టవర్ల ఆధారంగా ఇంటర్నెట్ లేకుండానే రైలు ఎక్కడున్నదో చెప్పే వేర్ ఈజ్ మై ట్రైన్ దానికి మంచి ఉదాహరణ. బెజవాడ జంక్షన్‌కు రైలు చేరేలోపు సిగ్నల్ పోయే చోట్ల అది అక్కరకు వస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోనులో ప్రకటనలు, నిఘా లేని యాప్‌లు కావాలనుకునేవారు 2010 నుంచి నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్‌ను చూడాలి. అందులో ఉన్నవన్నీ మూల సంకేతం బయటపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. యాప్‌లో అభ్యంతరకరమైన లక్షణం ఏదైనా ఉంటే దాన్ని ఆ పేజీలోనే హెచ్చరికగా చెబుతారు, ఈ పద్ధతి మిగతా స్టోర్లలో నాకు కనిపించలేదు.

ఎనిమిదో మెట్టు: చాట్‌బాట్‌లను అడగడంలో పాటించవలసిన హద్దు

కృత్రిమ మేధ చాట్‌బాట్‌కు మొదటి మెట్టులో రాసుకున్న వాక్యాన్ని యథాతథంగా ఇచ్చి సైట్లు సూచించమంటే పేర్లు వస్తాయి, వాటిలో ఉపయోగపడేవీ ఉంటాయి. లేని సైటును ఉన్నట్టు, మూతపడినదాన్ని నడుస్తున్నట్టు చెప్పడం కూడా వాటికి అలవాటే. అందుకే అవి ఇచ్చిన పేరును మాత్రమే తీసుకుని, చిరునామాను సెర్చ్ ఇంజన్ ద్వారా మనమే వెతికి, ఆరో మెట్టులోని పరీక్ష చేయాలి. వాటిని అడగడానికి ఇంకా మంచి ప్రశ్న, "ఈ పనిని ఆ రంగంలోనివారు ఏ పేరుతో పిలుస్తారు" అన్నది. ఆ పేరు తెలిస్తే రెండో మెట్టు వెతుకులాట ఎంతో చురుకవుతుంది.

తొమ్మిదో మెట్టు: దొరికినదాన్ని పోగొట్టుకోకుండా దాచుకోవడం

మంచి సైటును చూసి, మళ్లీ దాని పేరు గుర్తురాక బాధపడడం అందరికీ జరిగేదే. బుక్‌మార్క్ పెట్టుకుంటే చాలదు, ఎందుకు పెట్టుకున్నామో ఒక వాక్యం కూడా ఉండాలి. బుక్‌మార్క్ పేరును మార్చి "ఫొటో కేబీ తగ్గించడానికి, నెట్ లేకుండా పనిచేస్తుంది" అని తెలుగులో రాసుకుంటే, ఏడాది తర్వాత కూడా చిరునామా పెట్టెలో ఫొటో అని టైపు చేయగానే అది పైకి వస్తుంది. బుక్‌మార్కులు దాచే పెట్టెలు (ఫోల్డర్లు) ఎక్కువ కడితే ఏది ఎందులో ఉందో మరిచిపోతాం కనుక పని, చదువు, పిల్లలు, ప్రభుత్వం వంటి నాలుగైదు పెట్టెలతో సరిపెట్టుకోవడం మేలు.

తరచుగా కొత్త విషయాలు వచ్చే సైట్లను ఆర్ఎస్ఎస్ ద్వారా, అంటే సైటులో కొత్తగా చేరినవాటిని వరుసగా అందించే ఫీడు ద్వారా చదవాలి. గూగుల్ రీడర్ 2013 జులైలో ఆగిపోయినప్పటి నుంచి ఈ మాట జనం నోట లేదు కానీ, ఫీడ్లీ, ఇనోరీడర్ వంటివి ఉన్నాయి, చాలా సైట్లు ఇప్పటికీ ఫీడును ఇస్తున్నాయి. సైటు చిరునామాను వాటిలో అతికిస్తే అవే ఫీడును వెతికి పట్టుకుంటాయి. ఏది ముందు చూపాలో ఏ కంపెనీ నిర్ణయించకుండా, మనం ఎంచుకున్నవి వచ్చిన వరుసలోనే వస్తాయి.

చిన్న సైట్లు చెప్పకుండా మాయమవుతాయి. ఒకరి ఓపిక మీద, ఒకరి జేబు మీద నడిచేవి కావడమే దానికి కారణం. ముఖ్యమైన పేజీ కనిపించినప్పుడే దాని చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ పేజ్ నౌ అనే పెట్టెలో అతికించి భద్రపరచాలి. ఇప్పటికే తెరుచుకోని పాత లింకును అదే చోట ఇస్తే, ఆ పేజీ ఏయే తేదీలలో దాచబడిందో క్యాలెండరు చూపిస్తుంది, పాత తేదీని నొక్కి చదువుకోవచ్చు. తెలుగు బ్లాగులు ఉధృతంగా సాగిన సంవత్సరాలలో రాసినవాటిలో కొన్ని నేడు అక్కడ తప్ప మరెక్కడా లేవు. ఆ పాత పేజీల పక్కన ఉండే "నేను చదివే బ్లాగులు" అనే పట్టికలోని లింకులను కూడా ఒక్కొక్కటే వేబ్యాక్‌లో తెరుచుకుంటూ వెళ్తే, సెర్చ్ ఇంజన్లు ఎప్పుడో మరిచిపోయిన రచయితలు వరుసగా దొరుకుతారు.